మూడు వేల మందికి ఒక కౌన్సిలర్: ఇంగ్లండు పల్లెల్లో జిల్లా ఎన్నిక

2023 మే 4న ఇంగ్లండులో దాదాపు 230 కౌన్సిళ్లకు ఎన్నికలు జరిగాయి. అప్పట్లో దేశంలో అధికారంలో ఉన్న కన్జర్వేటివ్ పార్టీ ఆ ఒక్క రోజే వెయ్యికి పైగా సీట్లు పోగొట్టుకుంది. లండన్ పత్రికలకు అదే పెద్ద వార్త. ఆ ఫలితాల కుప్పలో మిడ్ సఫోక్ అనే జిల్లా ఒకటుంది. తూర్పు ఇంగ్లండులో సఫోక్ కౌంటీ నడిబొడ్డున ఉంటుంది. అక్కడి 34 సీట్లలో 24 గ్రీన్ పార్టీ గెలిచింది. కన్జర్వేటివ్‌లకు 6, లిబరల్ డెమోక్రాట్లకు 4 వచ్చాయి. లేబర్ పార్టీకి ఒక్కటీ రాలేదు. బ్రిటన్‌లో గ్రీన్ పార్టీ సొంత మెజారిటీతో ఒక కౌన్సిల్‌ను పట్టుకోవడం అదే మొదటిసారి.

ఇందులో విడ్డూరం ఒకటుంది. గ్రీన్ పార్టీ పేరు చెబితే అక్కడివాళ్లకు గుర్తొచ్చే ఊరు బ్రైటన్. సముద్రపు ఒడ్డున, విద్యార్థులతో, కళాకారులతో సందడిగా ఉండే నగరం అది. సరిగ్గా అదే రోజు ఆ బ్రైటన్‌లో గ్రీన్స్ లేబర్ చేతిలో చిత్తుగా ఓడిపోయారు. గెలిచిందేమో గోధుమ, బార్లీ, చక్కెర దుంప పండించే పల్లెల్లో, అప్పటికి దశాబ్దాలుగా పార్లమెంటుకు కన్జర్వేటివ్‌లనే పంపుతూ వచ్చిన చోట. ఇదెలా జరిగిందో అర్థం కావాలంటే ముందు ఆ కౌన్సిల్ ఏం చేయగలదో, ఏం చేయలేదో తెలియాలి. చేయలేనిదేమిటో తెలియడమే ఎక్కువ అవసరం.

ఇంగ్లండు పల్లె ప్రాంతాల్లో చాలా చోట్ల స్థానిక పాలన మూడు అంచెలుగా ఉంటుంది. అడుగున పారిష్ కౌన్సిల్. 1894 చట్టంతో పుట్టింది, మన గ్రామ పంచాయతీకి దగ్గరి చుట్టం. పైన కౌంటీ కౌన్సిల్. ఆ రెంటి మధ్యా జిల్లా కౌన్సిల్. ఈ మధ్య అంచెకు ఇప్పుడున్న రూపం 1972 చట్టం ఇచ్చింది, 1974 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. జిల్లా అనగానే మన కళ్ల ముందు కలెక్టరేటు, ఇరవై లక్షల జనాభా మెదులుతాయి కాబట్టి కొలత చెప్పుకోవాలి. 2021 జనగణన ప్రకారం మిడ్ సఫోక్ జనాభా 1,02,700. మన పెద్ద మండలాలు రెండు కలిపితే సరిపోతుంది. స్టోమార్కెట్ అనే ఓ మోస్తరు పట్టణం, నీడమ్ మార్కెట్, ఐ అనే రెండు బుల్లి పట్టణాలు, మిగిలినవన్నీ పల్లెలు. 34 మంది కౌన్సిలర్లు అంటే సుమారు మూడు వేల మందికి ఒకరు. కలెక్టర్ లాంటి అధికారి లేరు. చీఫ్ ఎగ్జిక్యూటివ్ అనే ఉద్యోగి ఉంటారు గానీ, ఆ మనిషిని నియమించేది కౌన్సిలే. ప్రభుత్వం పైనుంచి పంపించదు.

పనుల పంపకం ఇలా ఉంటుంది. బడులు, రోడ్లు, గ్రంథాలయాలు, వృద్ధుల సంరక్షణ కౌంటీ చూస్తుంది. ఇళ్ల నిర్మాణానికి అనుమతులు, చెత్త సేకరణ, నిలువ నీడ లేనివారికి ఆశ్రయం, హోటళ్ల శుభ్రత తనిఖీ, మద్యం దుకాణాలకూ ట్యాక్సీలకూ లైసెన్సులు, ఈత కొలనులు, ఓటర్ల జాబితా జిల్లా చేతిలో ఉంటాయి. ఆటస్థలం, శ్మశానం, బస్సు షెల్టరు లాంటివి పారిష్ చూసుకుంటుంది. చదవడానికి తేలిగ్గానే ఉంది, కానీ ఊళ్లో బతికేవాళ్లకు ఇది ఓ పట్టాన అంతు చిక్కదు. ఇంటి ముందు చెత్త ఎత్తేది జిల్లా, ఎత్తిన చెత్తను వదిలించుకోవాల్సింది కౌంటీ. రోడ్డు మీద గుంత కౌంటీది, అదే రోడ్డు పక్కన ఎవరో పారేసి పోయిన పాత పరుపు జిల్లాది. జిల్లా అభ్యర్థి తలుపు తడితే ఓటరు మొదట అడిగేది గుంతల గురించే. అభ్యర్థికి దాని మీద పిసరంత అధికారం ఉండదు. 'అది మా పని కాదు' అంటే ఓటు పోతుంది, 'పూడిపిస్తాను' అంటే అబద్ధమవుతుంది. ఆరితేరినవాళ్లు గుంత ఫోటో తీసి కౌంటీకి పంపి, వచ్చిన జవాబు పట్టుకుని మళ్లీ అదే గుమ్మం ఎక్కుతారు.

పన్ను సంగతి ఇంకా చిక్కు. ఇంటి మీద వేసే పన్ను పేరు కౌన్సిల్ ట్యాక్స్. బిల్లు పంపేదీ వసూలు చేసేదీ జిల్లాయే అయినా, అందులో సింహభాగం కౌంటీకి, కొంత పోలీసు శాఖకు వెళ్లిపోతుంది. జిల్లాకు మిగిలేది పదో వంతు దరిదాపు. బిల్లు మీద పేరు జిల్లాది కాబట్టి తిట్లు మాత్రం పూర్తిగా దానికే. ఆ చిన్న వాటాను కూడా అది ఇష్టమొచ్చినట్టు పెంచుకోలేదు. 2023-24లో జిల్లాలకు పెట్టిన హద్దు 3 శాతం లేదా 5 పౌండ్లు, రెంటిలో ఏది ఎక్కువైతే అది. దాటాలంటే ప్రజల ముందు రెఫరెండం పెట్టి గెలవాలి. ఇంటి విలువ కట్టే తీరు మరీ తమాషా. 1991 ఏప్రిల్ 1న ఆ ఇల్లు ఎంత పలికేదో అంచనా వేసి, ఎ నుంచి హెచ్ వరకు ఎనిమిది తరగతుల్లో ఒకదాంట్లో పెడతారు. నిన్న గృహప్రవేశం చేసిన ఇంటికీ 1991 ధరే. ఇంగ్లండులో ఈ లెక్కను తిరగరాసే సాహసం ముప్పై ఏళ్లుగా ఏ ప్రభుత్వమూ చేయలేదు.

ఇక జిల్లా ఎన్నికల్లో నిజంగా వేడి పుట్టించేది ఇళ్ల అనుమతి. ఊరి చివర పొలం ఉందనుకుందాం. పొలంగా ఉన్నంత కాలం ఎకరా పది వేల పౌండ్ల చుట్టుపక్కల పలుకుతుంది. అందులో ఇళ్లు కట్టుకోవచ్చని అనుమతి వచ్చిన నాడు ధర లక్షల్లోకి ఎగబాకుతుంది. ఆ అనుమతి ఇచ్చేది జిల్లా కౌన్సిల్ ప్లానింగ్ కమిటీ. మన దగ్గర వెంచర్ వేసినట్టే అక్కడా బిల్డర్లు ఊళ్ల అంచుల్లో పొలాల మీద కన్నేసి ఉంటారు. తర్స్టన్ లాంటి, రైలు స్టేషన్ ఉన్న పల్లెల చుట్టూ కొత్త కాలనీలు అలా లేచినవే. పాతకాపులకు ఇది గిట్టదు. బడి నిండిపోయింది, డాక్టరు అపాయింట్‌మెంటుకు వారాలు పడుతోంది, సన్నటి రోడ్డు మీద కార్ల బారులు, మురుగు నీరు వాగులోకి పోతోంది అంటారు. వాళ్ల మాట అబద్ధం కాదు. అదే ఊళ్లో పుట్టి పెరిగిన పాతికేళ్ల కుర్రాడికి అక్కడ ఇల్లు కొనే స్తోమత లేదన్నదీ అబద్ధం కాదు. ఈ తగాదాలో ఒక వైపు మొగ్గు ఉంది. ఇల్లున్నవాళ్లు ఓటర్ల జాబితాలో ఉంటారు. కట్టబోయే ఇళ్లలోకి రావాల్సినవాళ్లు ఇంకా ఎక్కడో ఉంటారు, వాళ్లకు ఈ ఎన్నికలో ఓటు లేదు. ఇంగ్లండులో ఇళ్ల కొరత దశాబ్దాలుగా తీరకపోవడానికి ఇదొక కారణమని నా అభిప్రాయం.

అందుకే కరపత్రాల్లో 'మన పొలాలు కాపాడుకుందాం' అనే మాట పార్టీ ఏదైనా కనిపిస్తుంది. గెలిచాక కాపాడగలరా అంటే, కొంతవరకే. ప్లానింగ్ కమిటీ తనకు తోచినట్టు తీర్పు చెప్పే రచ్చబండ కాదు. దేన్ని లెక్కలోకి తీసుకోవాలో, దేన్ని తీసుకోకూడదో చట్టం చెబుతుంది. ట్రాఫిక్, వరద ముప్పు, పక్కింటికి వెలుతురు అడ్డం రావడం, పురాతన కట్టడానికి నష్టం, ఇవి చెల్లే కారణాలు. 'మా కిటికీలోంచి కనిపించే పచ్చదనం పోతుంది', 'మా ఇంటి ధర పడిపోతుంది' అనేవి చెల్లవు. కమిటీలో కూర్చున్న కౌన్సిలర్ వాదనలు వినకముందే 'నేను దీన్ని ఆపి తీరతా' అని మనసు ఖాయం చేసుకుంటే ఆ నిర్ణయం కోర్టులో నిలవకపోవచ్చు. పైగా రాబోయే అయిదేళ్లకు సరిపడా ఇళ్ల స్థలాలు చూపించాల్సిన బాధ్యత కౌన్సిల్ మీద ఉంది. చూపించలేకపోతే తక్కెడ బిల్డర్ వైపు వంగుతుంది. కమిటీ కాదన్నా బిల్డర్ కేంద్ర ప్రభుత్వపు ప్లానింగ్ ఇన్‌స్పెక్టరేట్‌కు అప్పీలు చేసుకోవచ్చు. అక్కడ గెలిస్తే ఇళ్లు లేస్తాయి. కౌన్సిల్ అకారణంగా మొండికేసిందని తేలితే ఎదుటివారి ఖర్చులు కూడా నెత్తిన పడతాయి.

ఇది ఎలా బెడిసికొడుతుందో పక్క కౌంటీ ఎసెక్స్‌లో అట్ల్స్‌ఫర్డ్ జిల్లాను చూస్తే తెలుస్తుంది. లండన్ మూడో విమానాశ్రయం స్టాన్‌స్టెడ్ ఉన్నది అక్కడే. విమానాశ్రయం తన సామర్థ్యాన్ని ఏడాదికి 4 కోట్ల 30 లక్షల ప్రయాణికులకు పెంచుకుంటానని దరఖాస్తు పెడితే, 2018 నవంబరులో కౌన్సిల్ ఒప్పుకుంది. జనం మండిపడ్డారు. ఏ జాతీయ పార్టీకీ చెందని 'రెసిడెంట్స్ ఫర్ అట్ల్స్‌ఫర్డ్' అనే స్థానికుల బృందం 2019 మేలో 39 సీట్లకు 26 గెలుచుకుంది. 2020 జనవరిలో కొత్త కౌన్సిల్ కమిటీ అదే దరఖాస్తును తోసిపుచ్చింది. విమానాశ్రయం అప్పీలుకు వెళ్లింది. 2021 మేలో ఇన్‌స్పెక్టర్లు విస్తరణకు అనుమతిచ్చారు, ఖర్చులు కూడా కౌన్సిలే కట్టాలన్నారు. అంతటితో అయిపోలేదు. 2022 ఫిబ్రవరిలో ప్రభుత్వం ఆ కౌన్సిల్ ప్లానింగ్ నిర్ణయాల నాణ్యత బాగాలేదని ప్రకటించి, పెద్ద బిల్డర్లు కావాలంటే కౌన్సిల్‌ను పక్కన పెట్టి నేరుగా ఇన్‌స్పెక్టరేట్‌కే దరఖాస్తు చేసుకోవచ్చంది. ఓటర్లు అడిగిందే కౌన్సిలర్లు చేశారు, చేసినందుకు ఓటర్ల పన్ను డబ్బే పోయింది. అయినా 2023లో అదే బృందం మళ్లీ మెజారిటీ తెచ్చుకుంది. ఓడినా సరే మన తరఫున కొట్లాడారు కదా అని జనం అనుకున్నట్టున్నారు.

పోటీ చేయడం విషయానికొస్తే, ఇంతకన్నా తేలికైన ఎన్నిక ఇంకోటి ఉండదు. పద్దెనిమిదేళ్లు నిండి, ఆ జిల్లా ఓటరుగా ఉంటే చాలు. ఓటరు కాకపోయినా ఏడాదిగా అక్కడ నివాసమో ఉద్యోగమో ఆస్తో ఉన్నా సరిపోతుంది. ప్రతిపాదించేవారు ఒకరు, బలపరిచేవారు ఒకరు. డిపాజిట్ లేదు. ఖర్చుకు మాత్రం గట్టి హద్దు ఉంది. 2023లో ఒక్కో అభ్యర్థికి 806 పౌండ్లు, దాని మీద ఓటరుకు 7 పెన్నీలు. 2,500 మంది ఓటర్లున్న వార్డులో లెక్క కడితే 981 పౌండ్లు, అంటే అప్పటి మారకంలో దాదాపు లక్ష రూపాయలు. ఓట్లడగడానికి కూలికి మనుషుల్ని పెట్టుకోవడం నేరం. ఓటు కోసం విందులివ్వడం, మందు పోయించడం నేరం. ఓటుకు నోటు లెక్కలు వినీ వినీ ఉన్న మన చెవులకు ఇది పురాణంలా వినిపిస్తుంది. వాళ్లేమీ హరిశ్చంద్రులని కాదు. 2004లో బర్మింగ్‌హామ్ నగర కౌన్సిల్ ఎన్నికల్లో పోస్టల్ ఓట్ల మోసం కోర్టులో రుజువై రెండు వార్డుల ఫలితాలు రద్దయ్యాయి. జిల్లా కౌన్సిలర్‌కు జీతం లేదు, ఏడాదికి కొన్ని వేల పౌండ్ల భత్యం మాత్రం ఉంటుంది. గెలిచి సంపాదించుకునేది పెద్దగా లేనప్పుడు గెలవడానికి కుమ్మరించేదీ ఉండదు.

డబ్బు లేని చోట కాళ్లే పెట్టుబడి. అభ్యర్థి, నలుగురైదుగురు కార్యకర్తలు సాయంత్రాలు, శనివారాలు ఇంటింటికీ తిరుగుతారు. మైకు ఊరేగింపులు, సభలు, కటౌట్లు కనిపించవు. ఇళ్ల తోటల్లో, పొలం కంచెలకు కట్టిన చిన్న చిన్న బోర్డులు, తలుపులోని సందులోంచి లోపలికి జారవిడిచే కరపత్రాలు, అంతే. కరపత్రం ఎవరు అచ్చు వేశారో, ఎవరి తరఫున వేశారో దాని మీద ఉండి తీరాలి. లిబరల్ డెమోక్రాట్ల కరపత్రాల్లో 'ఇక్కడ ఫలానా పార్టీ గెలవలేదు' అని చూపే పట్టీల బొమ్మ ఒకటి తప్పకుండా ఉంటుందనీ, దాని కొలతలు అంతంత మాత్రమేననీ అక్కడ జోకులు చాలా ఉన్నాయి. బలం లేని చోట పార్టీలు పేరుకు ఒకరిని నిలబెడతాయి. అలాంటి అభ్యర్థి ఒక్క గడపా తొక్కకపోవచ్చు. గాలి వీచిన ఏడాది అలాంటివాళ్లూ గెలిచి, లేచి చూసుకుంటే కౌన్సిలర్ అయి ఉంటారు. అసలు పోటీయే లేని వార్డులూ ఉంటాయి. అక్కడ ఏకగ్రీవమే, పోలింగ్ జరగదు. మన ప్రభుత్వాలు ఏకగ్రీవ పంచాయతీలకు నజరానాలు ప్రకటిస్తుంటాయి గానీ, అక్కడ దాన్ని గొప్పగా చెప్పుకోరు. ప్రజలకు ఎంచుకునే అవకాశం పోయిందని ఎన్నికల సంస్కరణలు కోరేవాళ్లు గోల చేస్తారు.

పోలింగ్ ఎప్పుడూ గురువారమే, ఉదయం 7 నుంచి రాత్రి 10 దాకా. సెలవు ఇవ్వరు. ఊరి కమ్యూనిటీ హాలో, బడో, చర్చో, ఒక్కోచోట పబ్బో పోలింగ్ కేంద్రం అవుతుంది. యంత్రం లేదు, వేలికి సిరా లేదు. కాగితం మీద అభ్యర్థుల పేర్లు ఇంటిపేరు అక్షర క్రమంలో ఉంటాయి. దారం కట్టిన పెన్సిల్‌తో ఇంటూ గుర్తు పెట్టి డబ్బాలో వేయాలి. పెన్సిల్ గీత చెరిపేస్తారేమో అని అనుమానం ఉన్నవాళ్లు సొంత పెన్ను తెచ్చుకోవచ్చు. వార్డుకు ఇద్దరు కౌన్సిలర్లుంటే రెండు గుర్తులు, ముగ్గురుంటే మూడు. తక్కువ పెడితే పరవాలేదు, ఎక్కువ పెడితే కాగితం చెల్లదు. పార్టీల అభ్యర్థుల పక్కన పార్టీ చిహ్నం ఉంటుంది. స్వతంత్రులకు ఏ బొమ్మా ఉండదు. బయట రంగుల బ్యాడ్జీలతో కొందరు నిలబడి మీ ఓటరు నంబరు అడుగుతారు. వాళ్లు ప్రభుత్వ సిబ్బంది కారు, పార్టీ మనుషులు. తమవాళ్లలో ఎవరు ఇంకా రాలేదో తెలుసుకుని సాయంత్రం గుర్తు చేయడానికి ఆ లెక్క. చెప్పడం చెప్పకపోవడం మీ ఇష్టం.

2023 ఎన్నికలకు ఇంకో విశేషం ఉంది. ఇంగ్లండు అంతటా ఓటు వేయడానికి ఫోటో ఉన్న గుర్తింపు కార్డు చూపాలన్న నిబంధన మొదటిసారి అమలైంది అప్పుడే. అంతకు ముందు పేరు, చిరునామా చెబితే కాగితం చేతికిచ్చేవారు. వృద్ధుల బస్ పాస్ చెల్లుతుంది గానీ విద్యార్థుల ప్రయాణ కార్డు చెల్లదు అనేసరికి, ఏ పార్టీ ఓటర్లు ఎవరో చూసి రాసిన జాబితా ఇది అని విమర్శ వచ్చింది. సరైన కార్డు లేక దాదాపు 14,000 మంది ఓటు వేయలేకపోయారని ఎన్నికల సంఘం తేల్చింది.

ఓటేసినవాళ్లు మొత్తం ఎందరు? నూటికి 32 మంది. స్థానిక ఎన్నికల్లో అది మామూలే. ఈ అంకెలోనే జిల్లా ఎన్నికల కిటుకంతా ఉంది. 2,500 ఓట్ల వార్డులో ఎనిమిది వందల మంది వస్తే, ముక్కోణపు పోటీలో మూడు వందల యాభై ఓట్లతో గెలవచ్చు. పార్లమెంటు సీటుకు పాతిక వేల ఓట్లు కూడగట్టడం చిన్న పార్టీకి గగనం. మూడు వందల యాభై మందిని వాళ్ల గుమ్మాల దగ్గరే కలిసి ఒప్పించడం ఒళ్లు వంచితే అయ్యే పని.

లెక్కింపు కొన్ని చోట్ల ఆ రాత్రే, చాలా చోట్ల మర్నాడు. క్రీడా మందిరం లాంటి పెద్ద గదిలో బల్లల ముందు సిబ్బంది కాగితాలు కట్టలు కడుతుంటే అభ్యర్థులు ఎదురుగా నిలబడి చూస్తుంటారు. గుర్తు సరిగా లేని కాగితాలను రిటర్నింగ్ అధికారి అందరికీ చూపించి నిర్ణయిస్తారు. ఓటరు మనసులో ఎవరున్నారో స్పష్టంగా తెలిస్తే ఇంటూ గుర్తు లేకపోయినా ఓటు చెల్లుతుంది. ఒక పేరు పక్కన నవ్వు ముఖం గీసినా లెక్కలోకి రావచ్చు. ఇద్దరికీ సమానంగా వస్తే మన పంచాయతీల్లో లాగే లాటరీ. చీటీ తీస్తారో, పుల్లలు లాగుతారో రిటర్నింగ్ అధికారి ఇష్టం. 2017లో నార్తంబర్లాండ్‌లో జిల్లాలను కలిపేసిన కౌంటీ కౌన్సిల్ ఎన్నికలో సౌత్ బ్లైత్ వార్డు దగ్గర ఇదే జరిగింది. పొట్టి పుల్ల కన్జర్వేటివ్ అభ్యర్థికి తగిలింది. ఆ పార్టీ 67 సీట్లలో 33 దగ్గర ఆగిపోయింది. ఆ పుల్ల ఇంకోలా వచ్చి ఉంటే మెజారిటీ వచ్చేసేది.

ఇప్పుడు మిడ్ సఫోక్‌కు తిరిగి వద్దాం. గ్రీన్స్ అక్కడ రాత్రికి రాత్రి మొలవలేదు. ఒకటీ అరా సీట్లతో మొదలై 2019 నాటికి 12కు చేరారు. అప్పుడు కన్జర్వేటివ్‌లకు 16, లిబరల్ డెమోక్రాట్లకు 5, స్వతంత్రులకు 1. గెలిచిన ప్రతి కౌన్సిలర్ తన వార్డులో ఏడాది పొడుగునా కరపత్రాలు పంచుతూ, చెత్త బండి రాలేదన్నా, డ్రైనేజీ పొంగిందన్నా పలుకుతూ ఉంటే, ఆ పేరు పక్క వార్డుకు పాకింది. ఈ లోగా లండన్‌లో ప్రధాని బోరిస్ జాన్సన్ లాక్‌డౌన్ విందులు బయటపడ్డాయి, లిజ్ ట్రస్ 49 రోజుల ప్రధాని అయి దిగిపోయారు, కరెంటు గ్యాస్ బిల్లులు మోత మోగించాయి. విసిగిపోయిన కన్జర్వేటివ్ ఓటరు లేబర్‌కు వేయడానికి చెయ్యి రాక, తన గుమ్మానికి నాలుగుసార్లు వచ్చిన మనిషికి వేశాడు. పల్లెను ప్రేమించేవాడికి 'పచ్చదనం' అనే మాట పరాయిది కాదు కూడా. గెలిచినవాడికే అంతా అనే పద్ధతి కాబట్టి ఆధిక్యం కొంచెమే ఉన్నా సీట్లు గంపగుత్తగా వస్తాయి. ఇన్నాళ్లూ కన్జర్వేటివ్‌లకు లాభించిన ఆ పద్ధతే ఈసారి వాళ్లను ముంచింది.

గెలిచాక చిక్కులు లేకపోలేదు. నార్విచ్ నుంచి ఈ జిల్లాలోని బ్రామ్‌ఫర్డ్ మీదుగా టిల్బరీ దాకా 400 కిలోవోల్టుల విద్యుత్ లైను వేస్తామని విద్యుత్ ప్రసార సంస్థ నేషనల్ గ్రిడ్ 2022లో ప్రతిపాదించింది. సముద్రంలోని గాలిమరల కరెంటు దేశానికి చేరాలంటే అది కావాలంటుంది. పల్లెవాళ్లకేమో పొలాల మీదుగా ఎత్తయిన టవర్ల వరస వద్దు. ఇలాంటి జాతీయ ప్రాజెక్టు మీద తీర్పు కేంద్ర మంత్రిది, జిల్లాది కాదు. అయినా ఓటరు నిలదీసేది దగ్గరున్నవాడినే. ఈ జిల్లాలో కొంత భాగం కలిసిన వేవెనీ వ్యాలీ స్థానం నుంచి 2024 జులైలో గ్రీన్ నాయకుడు ఏడ్రియన్ రామ్సే పార్లమెంటుకు గెలిచారు. గెలిచిన కొద్ది రోజులకే ఆ టవర్ల పని కాస్త ఆపి వేరే దారులు చూడాలని అడిగి, 'గాలి కరెంటు కావాలి, తీగలు వద్దా?' అనే ఎకసెక్కాలు పడ్డారు. నా లెక్కలో ఆ విమర్శ సగమే న్యాయం. స్థానికంగా గెలిచిన ఏ పార్టీకైనా ఈ ఇరకాటం తప్పదు. కాకపోతే కౌన్సిల్ గెలుపు పార్లమెంటుకు నిచ్చెన అవుతుందని మాత్రం అక్కడ రుజువైంది.

ఇంత చెప్పాక అసలు విషయం ఒకటి చెప్పాలి. ఈ జిల్లా కౌన్సిళ్లు ఇక ఎంతో కాలం ఉండవు. 2024 డిసెంబరు 16న లేబర్ ప్రభుత్వం విడుదల చేసిన శ్వేతపత్రం ప్రకారం కౌంటీ, జిల్లా అనే రెండంచెలను తీసేసి, అన్ని పనులూ చేసే ఒకే కౌన్సిల్‌ను పెడతారు. ఒక్కోటి అయిదు లక్షల జనాభాకో అంతకు పైనో ఉండాలన్నది వాళ్లు పెట్టుకున్న కొలత. అప్పటికి మిగిలిన జిల్లా కౌన్సిళ్లు 164. ఇది కొత్త ఆలోచన కాదు. 2009లో కార్న్‌వాల్, విల్ట్‌షైర్ వంటి చోట్ల, 2023 ఏప్రిల్‌లో సోమర్సెట్, నార్త్ యార్క్‌షైర్, కంబ్రియాల్లో ఇలాగే జిల్లాలను కలిపేశారు. సఫోక్‌కూ ఆ వరస వచ్చింది. మొత్తం కౌంటీకి ఒకే కౌన్సిల్ చాలని కౌంటీ అంటే, మూడు కావాలని జిల్లాలు అన్నాయి. ఎక్కువ చోట్ల 2028 కల్లా మార్పు పూర్తి చేయాలన్నది ప్రభుత్వ ఉద్దేశం.

ప్రభుత్వం చెప్పే కారణాలు బలమైనవే. గుంత ఎవరిది, పరుపు ఎవరిది అనే అయోమయం పోతుంది. ఇద్దరు చీఫ్ ఎగ్జిక్యూటివ్‌ల స్థానంలో ఒకరు చాలు. డబ్బు మిగులుతుంది. మిడ్ సఫోక్ ఇప్పటికే పొదుపు కోసం పక్క జిల్లా బేబర్‌తో కలిసి సిబ్బందిని పంచుకుంటోంది. 2017లో నీడమ్ మార్కెట్‌లోని తన ఆఫీసు వదిలేసి ఇప్స్‌విచ్‌కు మారిపోయింది. ఆ ఇప్స్‌విచ్ అసలు ఈ జిల్లాలోనే లేదు. 2019లో కౌన్సిలర్లను 40 నుంచి 34కు తగ్గించుకుంది. కానీ కలిపిన ప్రతిసారీ దూరం పెరుగుతుంది. అయిదు లక్షల మంది కౌన్సిల్‌లో సీట్లు సాధారణంగా వంద చుట్టుపక్కలే ఉంటాయి, అంటే ఒక కౌన్సిలర్‌కు సుమారు అయిదు వేల మంది జనం. ఇంటింటికీ నడిచి గెలిచే దారి సన్నబడుతుంది. టీవీలో కనిపించే పార్టీలకు, డబ్బున్న ప్రచారానికి దారి వెడల్పవుతుంది. పనుల అయోమయం పోవడం మంచిదే. అందుకోసం జిల్లాలను ఇంత పెద్ద ముద్దగా కలపాల్సిన అవసరం నాకు కనిపించదు. సఫోక్ జిల్లాలు అడిగినట్టు మూడు కౌన్సిళ్లే మేలైన దారి.

చివరగా ఇంగ్లండులో ఉంటున్న మన వాళ్లకు ఒక మాట. చదువుకోవడానికి వెళ్లిన పిల్లలు, ఐటీ ఉద్యోగులు, ఆస్పత్రుల్లో పనిచేసే డాక్టర్లు, నర్సులు ఈ మధ్య చిన్న పట్టణాలకూ విస్తరించారు. చాలామందికి తెలియని విషయమేమిటంటే, భారత పౌరులు కామన్వెల్త్ పౌరుల లెక్కలోకి వస్తారు. చెల్లుబాటయ్యే వీసాతో అక్కడ నివాసముంటే బ్రిటిష్ పాస్‌పోర్టు లేకపోయినా స్థానిక ఎన్నికల్లోనే కాదు, పార్లమెంటు ఎన్నికల్లోనూ ఓటు వేయవచ్చు. శాశ్వత నివాస అనుమతి ఉంటే కౌన్సిలర్‌గా పోటీ కూడా చేయవచ్చు. పోలింగ్ కేంద్రంలో గుర్తింపుగా మన భారతీయ పాస్‌పోర్టు చెల్లుతుంది. ఇండియా డ్రైవింగ్ లైసెన్సు చెల్లదు. మీ వీధి చెత్త, మీ ఇంటి వెనక పొలం, మీ కౌన్సిల్ ట్యాక్స్ బిల్లు తేల్చేది మీ కౌన్సిల్ కాబట్టి, ఆన్‌లైన్‌లో ఓటరుగా పేరు నమోదు చేసుకోండి. గడువు పోలింగ్‌కు 12 పనిదినాల ముందు ముగుస్తుంది.